బంతికీ చూరుంటుంది

సికింద్రాబాద్ కంటోన్మెంటు చుట్టుపక్కల పెరిగినవాళ్లకి ఫుట్‌బాల్ పరాయి ఆట కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిన తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ పిల్లవాడే. ఆయనలోని ఆటగాణ్ని కనిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసినవారు. ఆ పంతులుగారు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా వెళ్లింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. అంత చరిత్ర ఉన్న ఊళ్లో ప్రపంచకప్పు వచ్చిందంటే టీ కొట్ల దగ్గర మాటలు పెరగడంలో వింతేముంది?

మా ఇంట్లోనూ అదే వరస. మనవడు రొనాల్డో పక్షం, మనవరాలు మెస్సీ పక్షం. మధ్యలో నన్ను కూర్చోబెట్టి “తాతా, నువ్వు చెప్పు” అంటారు. ఎవరు గొప్పో నేను చెప్పను. కొలిచి చూడగలిగిన సంగతి ఏదైనా ఉంటే దాన్ని మాత్రం ఓపిగ్గా చెబుతాను. నిజానికి ఈ వాదనల్లో సగం కొలతల దగ్గరే తేలిపోతాయి.

2022 డిసెంబరు 1న ఖతర్ ప్రపంచకప్పులో జపాన్, స్పెయిన్ ఆడుతున్నాయి. బంతి గోల్ పక్క గీత దాటి పోతోందనగా జపాన్ ఆటగాడు మితోమా కాలు చాచి దాన్ని వెనక్కి తోశాడు, తనాకా గోల్ చేశాడు. టీవీలో బొమ్మ ఆపి చూస్తే గీతకీ బంతికీ మధ్య పచ్చగడ్డి కనిపిస్తోంది. “బంతి మొత్తం బయటికే పోయింది తాతా, గోల్ ఎట్లిస్తరు?” అని మనవడి కోపం. చాలామంది పెద్దవాళ్లు కూడా ఇదే అడిగారు.

ఇక్కడ చూడాల్సింది బంతి ఆకారం. నిబంధన ప్రకారం బంతి మొత్తం, గీత మొత్తాన్ని దాటితేనే బయటికి పోయినట్టు. బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు ఉండాలి. అంటే అడ్డకొలత సుమారు 22, వ్యాసార్ధం 11 సెంటీమీటర్లు. గుండ్రటి వస్తువు నేలను తాకేది అడుగున ఒక్క చిన్న చోట. మిగతా ఒళ్లంతా అన్ని వైపులా బయటికి పొంగి ఉంటుంది. ఇంటి గోడ ఒకచోట ఆగిపోయినా చూరు ఇంకాస్త ముందుకు వచ్చి ఉంటుందే, అలాగన్న మాట. బంతి నేలను తాకిన చోటు గీత అవతలి అంచుకి 10 సెంటీమీటర్ల దూరాన ఉన్నా, దాని చూరు ఇంకా గీత మీదే ఉంటుంది. వాలుగా చూసే కెమెరాకి ఆ చూరు తెలియదు, కింద గడ్డి మాత్రమే తెలుస్తుంది. సరిగ్గా నెత్తిమీద నుంచి చూసినవాడికే నిజం తెలుస్తుంది. జపాన్ గోల్ విషయంలో అప్పట్లో చెప్పిన లెక్క ప్రకారం బంతి 1.88 మిల్లీమీటర్ల మేర గీత మీద ఉంది. రూపాయి బిళ్ల మందం కన్నా ఏ కాస్తో ఎక్కువ! జపాన్ 2-1తో గెలిచింది, అదే గ్రూపులో ఉన్న జర్మనీ కోస్టారికాను 4-2తో ఓడించి కూడా ఇంటిదారి పట్టింది. ఆ గోల్ లేక ఆట సమానంగా ముగిసి ఉంటే గోల్స్ లెక్కలో జర్మనీయే ముందుకు వెళ్లేది.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. సుద్దతో నేల మీద గీత గీసి, దాని అవతల బంతి పెట్టి, పిల్లల్ని ఒకసారి వాలుగా నుంచోబెట్టి చూడమనండి, తర్వాత కుర్చీ ఎక్కించి నిటారుగా కిందికి చూడమనండి. మా పిల్లలిద్దరూ ఆ తర్వాత జపాన్ గోల్ గురించి మాట్లాడలేదు.

ఇంగ్లండువాళ్లూ జర్మనీవాళ్లూ మాత్రం గోల్ గీత గురించి తరాల తరబడి మాట్లాడుకున్నారు. 1966 ఫైనల్లో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి అడ్డుకమ్మీకి తగిలి నిట్టనిలువున కింద పడింది. లైన్స్‌మన్ తోఫిక్ బఖ్రమోవ్ గోల్ అన్నాడు, ఇంగ్లండు 4-2తో కప్పు గెలిచింది. దాదాపు ముప్పయ్యేళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పాత ఫిల్ముల్లోని కోణాలు లెక్కకట్టి, బంతి పూర్తిగా దాటడానికి ఇంకా కనీసం 6 సెంటీమీటర్లు ఉందని తేల్చారు. 2010లో లెక్క తిరగబడింది. జర్మనీ మీద లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి లోపల పడింది, ప్రపంచమంతా చూసింది, రెఫరీ చూడలేదు. ఆ దెబ్బతో 2012లో గోల్ గీత సాంకేతికతకు అనుమతి వచ్చింది, 2014 బ్రెజిల్ ప్రపంచకప్పులో ఒక్కొక్క గోల్ వైపు ఏడేసి, మొత్తం 14 కెమెరాలు పెట్టారు. ఒక కెమెరా బంతి ఏ దిక్కున ఉందో చెప్పగలదు, ఎంత దూరాన ఉందో చెప్పలేదు. రెండో కెమెరా ఇంకో మూల నుంచి ఇంకో దిక్కు చెబుతుంది. ఆ రెండు చూపులు కలిసిన చోటే బంతి. మిగతా కెమెరాలు ఆ లెక్కను గట్టిపరుస్తాయి. బంతి దాటగానే సెకను లోపల రెఫరీ చేతి గడియారానికి కబురు వస్తుంది.

మరి చూపుకి ఏదైనా అడ్డొస్తే? 2020 జూన్ 17న ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌లో అదే జరిగింది. గోలీ నైలాండ్ బంతి పట్టుకుని గోల్ లోపలికి వెళ్లిపోయాడు. ఆటగాళ్లూ గోల్ కర్రా అడ్డొచ్చి ఏడు కెమెరాలకీ బంతి కనబడలేదు, గడియారం మోగలేదు. ఇలాంటిది చాలా అరుదు, నిజమే. కానీ కెమెరా ఏం చేయగలదో, ఏం చేయలేదో ఆ ఒక్క సంగతే చెబుతుంది.

అసలు తలనొప్పి ఆఫ్‌సైడ్. ఆటగాడు బంతిని తన్నిన క్షణంలో, దాన్ని అందుకోవాల్సినవాడు ఎక్కడున్నాడు, అవతలి జట్టు ఆఖరి డిఫెండర్‌ని దాటి ముందున్నాడా? లైన్స్‌మన్ ఒకేసారి రెండుచోట్ల చూడాలి. బంతి ఉన్నది ముప్పై నలభై మీటర్ల దూరాన, ఆటగాడు ఉన్నది ఎదుట. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మళ్లడానికి మన కంటికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. సెకనుకి 7 మీటర్లు పరుగెత్తేవాడు ఆలోగా దాదాపు మీటరున్నర ముందుకు వెళ్లిపోతాడు. పైగా మన మెదడుకి ఒక అలవాటుంది. ఆగి ఉన్నదానితో పోలిస్తే కదిలేదాన్ని అది ఉన్నచోటు కన్నా కాస్త ముందు ఉన్నట్టు చూపిస్తుంది. ఆఫ్‌సైడ్ జెండా తప్పుగా లేవడానికి ఇదీ ఒక కారణమని బ్రెజిల్ పరిశోధకులు 2002లో రాశారు. అంతకు రెండేళ్ల ముందే డచ్చి పరిశోధకులు నేచర్ పత్రికలో ఇంకో కారణం చూపారు: లైన్స్‌మన్ సరిగ్గా ఆఖరి డిఫెండర్‌కి సూటిగా నిలబడి లేకపోతే, వాలు చూపు వల్లే తప్పు దొర్లుతుంది. ఇవన్నీ చదివాక లైన్స్‌మన్లను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. పక్షపాతం అని మనం అరిచేవాటిలో ఎన్నో మనిషి కంటికి సహజమైన పరిమితులు.

వీడియో వస్తే ఈ బాధ తీరిపోవాలి కదా? అక్కడా లెక్కుంది. సెకనుకి 50 బొమ్మలు తీసే కెమెరాలో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య 20 మిల్లీసెకన్ల ఖాళీ. దాడి చేసేవాడు ముందుకి, డిఫెండర్ వెనక్కి పరుగెడుతుంటే ఇద్దరి మధ్య తేడా సెకనుకి 10 మీటర్ల చొప్పున మారుతుందనుకోండి. ఆ 20 మిల్లీసెకన్లలోనే 20 సెంటీమీటర్లు మారిపోతుంది. బంతిని తన్నిన క్షణం రెండు బొమ్మల మధ్య పడితే, తెర మీద గీసిన సన్నటి గీతకి అర్థమేముంది? చంకల కొలతలు, మోకాలి కొలతలు చూసి జనం విసుక్కున్నారంటే వాళ్ల విసుగులో న్యాయముంది.

అందుకే 2022లో బంతి కడుపులోనే పరికరం పెట్టారు. అల్ రిహ్లా అనే ఆ బంతి నడిమధ్యలో వేలాడేలా అమర్చిన సెన్సర్, బంతి కదలికలో వచ్చే మార్పుని సెకనుకి 500 సార్లు కొలిచింది. అంటే 2 మిల్లీసెకన్లకొకసారి. పై లెక్కే వేస్తే 20 సెంటీమీటర్ల అనుమానం 2కి దిగింది. స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ఒక్కొక్క ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకి 50 సార్లు గుర్తుపెట్టుకున్నాయి. అయినా పూర్తి నిక్కచ్చి కాదు సుమా. కాలు బంతిని తాకి ఉండే సమయమే దాదాపు 10 మిల్లీసెకన్లు. అందులో ఏ క్షణాన్ని తీసుకోవాలి? మొదట తాకిన క్షణం అని నిబంధన రాశారు. ప్రకృతి గీత గీయలేదు, కాబట్టి మనుషులు కూర్చుని ఒప్పుకున్నారు.

ఆ సెన్సర్ మా ఇంట్లో ఒక యుద్ధాన్ని ఆపింది. ఉరుగ్వే మీద పోర్చుగల్ గోల్ గుర్తుందా? బ్రూనో ఫెర్నాండెజ్ వేసిన బంతికి రొనాల్డో తల ఎగరేశాడు, బంతి గోల్లోకి పోయింది, రొనాల్డో సంబరం చేసుకున్నాడు. గోల్ మాత్రం బ్రూనో ఖాతాలో పడింది. “జుట్టుకి తగిలింది తాతా!” అంటాడు మనవడు. “తగిలితే చూపించు!” అంటుంది మనవరాలు. బంతిని ఏది తాకినా దాని వేగంలోనో తిరుగుడులోనో చిన్న కుదుపు రావాలి, కొలత గీత మీద ముల్లులా లేవాలి. అక్కడ ముల్లు లేదు, గీత నున్నగా ఉంది. బంతి మీద బయటి బలమేదీ పడలేదని బంతి తయారుచేసిన అడిడాస్ ప్రకటించింది. జుట్టు తగలనే లేదని అది చెప్పడం లేదు. తగిలినా బంతి దారి మారలేదని చెబుతోంది. గోల్ ఎవరిదో తేల్చడానికి అది చాలు. మనవడు ఒప్పుకున్నాడు, ముఖం మాత్రం ముడుచుకునే.

కానీ పిల్లలూ, పెద్దలూ ఇక్కడో సంగతి మనసులో పెట్టుకోవాలి. ఎక్కడ, ఎప్పుడు, తగిలిందా లేదా అనే ప్రశ్నలకు యంత్రం జవాబు చెబుతుంది. కావాలని చేశాడా, మోటుగా ఆడాడా, చెయ్యి అసహజంగా చాచాడా అనేవి కొలతకి అందవు. 2024 యూరో పోటీల్లో జర్మనీతో ఆడుతున్నప్పుడు డెన్మార్క్ గోల్ ఒకటి డెలానీ కాలివేలు ముందుందని రద్దయింది. కొద్ది నిమిషాలకే అదే డెన్మార్క్ ఆటగాడు ఆండర్సన్ చేతికి బంతి తగిలిందని బంతిలోని సెన్సర్ చూపించింది, పెనాల్టీ ఇచ్చారు. కాలివేలి కొలతను నేను ఒప్పుకుంటాను. అది కొలతే. చేతికి తగలడం కూడా కొలతే. పరుగెత్తే మనిషి చెయ్యి ఊగడం తప్పా అన్నది తీర్పు, దాన్ని ఏ ముల్లూ చెప్పలేదు. నా మట్టుకు నాకు ఆ పెనాల్టీ కఠినం అనిపించింది.

ఇంకో ప్రమాదం నిదానపు వీడియో. బెల్జియంలోని లువెన్ పరిశోధకులు 2018లో రెఫరీలకే ఫౌల్స్‌ని కొన్నిసార్లు మామూలు వేగంతో, మరికొన్నిసార్లు నిదానంగా చూపించారు. నిదానంగా చూసినప్పుడు ఎర్రకార్డులు పెరిగాయి. కాలం సాగదీసి చూపిస్తే, అవతలివాడికి ఆలోచించుకునే వ్యవధి ఉన్నట్టూ, కావాలనే చేసినట్టూ మనకు తోస్తుంది. తాకిన చోటు కనుక్కోవడానికి నిదానపు వీడియో మంచిది, మనసు కనుక్కోవడానికి కాదు.

ఇంతా చెప్పాక మన గాయం గురించి చెప్పకపోతే తప్పు. 2024 జూన్ 11, దోహా. ప్రపంచకప్పు అర్హత పోటీలో ఖతర్ మీద మనం ఛాంగ్తే గోల్‌తో 1-0తో ముందున్నాం. అలాగే ముగిసి ఉంటే తర్వాతి దశకు చేరేవాళ్లం. 73వ నిమిషంలో మన గోలీ గుర్‌ప్రీత్ సింగ్ చేతికి దొరకని బంతి గీత దాటి బయటికి పోయింది. మనవాళ్లు ఆట ఆగిందనుకున్నారు. ఖతర్ ఆటగాడు దాన్ని లోపలికి లాగాడు, ఇంకొకడు గోల్ చేశాడు, రెఫరీ గోల్ ఇచ్చేశాడు. ఈ బంతి చూరుతో సహా దాటిందని వీడియోలు చూపాయి. అయితే ఆ మ్యాచ్‌కి వీఏఆర్, అంటే వీడియో చూసి సరిదిద్దే రెఫరీ, లేదు. 85వ నిమిషంలో ఖతర్ ఇంకో గోల్ కొట్టి 2-1తో గెలిచింది. మన సమాఖ్య ఫిర్యాదు చేసింది, ఫలితం మారలేదు. 1963లో రహీం సాబ్ కన్నుమూసింది కూడా జూన్ 11నే.

జపాన్ కోసం 1.88 మిల్లీమీటర్లు కొలిచిన ప్రపంచం, అదే దేశంలో మనకోసం చేతి వెడల్పు కూడా కొలవలేదు. యంత్రం ఎక్కువైందని డబ్బున్న దేశాల అభిమానులు విసుక్కుంటున్నారు. యంత్రం అందనివాళ్ల వైపు నుంచి నేను చెబుతున్నాను: తప్పు యంత్రం ఉండటంలో లేదు, కొందరికే ఉండటంలో ఉంది. ప్రపంచకప్పు అర్హత పోటీ ఏ మూల జరిగినా, తొలి దశదైనా చివరి దశదైనా, గీత మీద కెమెరా ఉండి తీరాలని మన సమాఖ్య ప్రతి సమావేశంలోనూ అడగాలి. జట్టుని ప్రేమించే మనమందరం ఆ మాట గట్టిగా అనాలి.