మందుకు లొంగని వైరస్.. తప్పంతా సూది పట్టినవాడిదేనా?

ఉప్పల్ నుంచి మెట్రోలో అమీర్‌పేట వైపు వెళ్తుంటే ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక వరసగా వస్తాయి కదా! ఆ ఉప్పల్ రోడ్డు మీదున్న ఐఐసీటీలోనే మన దేశపు హెచ్‌ఐవీ చికిత్స కథ ఒక మలుపు తిరిగింది. 1990ల మొదట్లో డాక్టర్ ఏ.వి.రామారావు బృందం ఏజెడ్‌టీ అనే మందును తక్కువ ఖర్చులో తయారు చేసే పద్ధతిని ఇక్కడే కనిపెట్టింది. సిప్లా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత రామారావుగారు పెట్టిన ఆవ్రా ల్యాబొరేటరీస్ మా నాచారంలోనే ఉంది.

నేను ఉండేది నాచారం, కోడ్ రాసేది ఉప్పల్‌లో. అందుకే ఈ కథంటే నాకు కాస్త సొంతూరి అభిమానం. అయితే ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. ఏజెడ్‌టీని ఒక్కదాన్నే వాడిన రోజుల్లో, చాలామందిలో నెలలు గడిచేసరికి వైరస్ దానికి లొంగడం మానేసింది. దీన్నే డ్రగ్ రెసిస్టెన్స్ అంటున్నాం.

ఇప్పుడీ మాట ఎందుకంటారా? డ్రగ్స్ వార్త ఏదొచ్చినా మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒక కామెంట్ ఖాయం. "ఇంజెక్షన్లు పొడుచుకునేవాళ్లకి ప్రభుత్వం ఫ్రీగా హెచ్‌ఐవీ మందులివ్వడం దేనికి? సగంలో మానేసి వైరస్‌ని ముదరబెడతారు" అని. వినడానికి లాజిక్‌గానే ఉంటుంది. నిజమెంతో చూద్దాం.

రోజుకు వెయ్యి కోట్ల కాపీలు

హెచ్‌ఐవీ జన్యువులో దాదాపు 9,700 అక్షరాలుంటాయి. మందు పడని శరీరంలో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయి. కాపీ చేసేటప్పుడు ఇది తప్పులు చేస్తుంది, సరిచూసుకునే అలవాటు లేదు. మూడు నాలుగు కాపీల్లో ఒకదాంట్లోనైనా ఏదో అక్షరం మారిపోతుంది. టెస్టింగ్ లేకుండా రోజూ రిలీజ్ అయ్యే కోడ్ లాంటిదన్నమాట.

ఆ మార్పుల్లో చాలావరకు వైరస్‌కే నష్టం. కానీ ఒక్కోటి దానికి లాటరీలా తగులుతుంది. నెవిరపిన్ లాంటి పాత మందును పనికిరాకుండా చేయడానికి ఒక్క అక్షరం మారితే చాలు. అందుకే మూడు మందులు కలిపి ఇస్తారు. మూడింటినీ ఒకేసారి తప్పించుకోవడం వైరస్‌కి దాదాపు అసాధ్యం.

మెలికంతా మందు ఆగినప్పుడే. పాత కాంబినేషన్‌లో ఎఫావిరెంజ్ ఉండేది. మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే మిగతా రెండూ త్వరగా ఖాళీ అయిపోతాయి, ఎఫావిరెంజ్ మాత్రం రోజుల తరబడి ఒంట్లోనే ఉంటుంది. అంటే వైరస్ ముందు మిగిలింది ఒక్క మందే. పాఠం నేర్చుకోవడానికి దానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. అలా మొండికేసిన వైరస్ అదే సిరంజి వాడిన ఇంకొకరికి చేరితే, ఆ మనిషికి మొదటి మాత్ర వేసుకోకముందే కొన్ని మందులు పనికిరాకుండా పోతాయి.

మరి గ్యాప్ ఎందుకొస్తోంది?

మన దేశంలో సూదితో మత్తు తీసుకునేవాళ్లలో హెచ్‌ఐవీ తీవ్రత మొదట బయటపడింది 1990 ప్రాంతంలో, మణిపూర్‌లో. 2021 జాతీయ నిఘా సర్వేలో ఈ వర్గంలో దాదాపు 9 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. మొత్తం వయోజనుల్లో అది 0.2 శాతమే. తెలుగు రాష్ట్రాల్లో వైరస్ ఎక్కువగా లైంగిక సంబంధాల ద్వారానే వ్యాపించినా, రెండు చోట్లా రేటు జాతీయ సగటు కంటే ఎక్కువే. కాబట్టి ఇది ఎక్కడో దూరం ఊరి సమస్య కాదు.

ఇక అసలు ప్రశ్న. కెనడాలోని వాంకూవర్‌లో చికిత్స మొదలుపెట్టినవాళ్లను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. సూదితో మత్తు తీసుకున్న చరిత్ర ఉన్నవాళ్లలోనూ, లేనివాళ్లలోనూ రెసిస్టెన్స్ దాదాపు ఒకే స్థాయిలో వచ్చింది. తేడా తెచ్చేది మందు క్రమం తప్పకుండా పడిందా లేదా అన్నదే.

క్రమం తప్పడానికి కారణాలు వెతికితే అన్నీ మనిషి బలహీనతలే కావు. అరెస్టయితే మాత్రలు ఆగిపోతాయి. పోలీసులు పట్టుకుంటారన్న భయంతో సెంటర్‌కి వెళ్లడం మానేస్తారు. క్యూలో తెలిసినవాళ్లు కనబడితే వెనక్కి తిరిగొచ్చేస్తారు. ఇంకోటి, ఎఫావిరెంజ్, నెవిరపిన్ రెండూ మత్తు మాన్పించడానికిచ్చే మెథడోన్ ప్రభావాన్ని తగ్గించేస్తాయి. డాక్టర్ మోతాదు సరిచేయకపోతే ఒళ్లు నొప్పులు, వణుకు మళ్లీ మొదలవుతాయి. అప్పుడు ఆ మనిషి దేన్ని వదిలేస్తాడో ఊహించడం కష్టం కాదు.

కొత్త మందొచ్చింది, ధీమా వద్దు

2020 నుంచి మన దగ్గర డోలుటెగ్రావిర్ ఉన్న కాంబినేషన్‌కి మారుతున్నారు. రోజుకు ఒక మాత్ర. దీన్ని ఓడించడం వైరస్‌కి చాలా కష్టం. అయినా 2024లో డబ్ల్యూహెచ్‌వో ఒక హెచ్చరిక చేసింది. ఈ మందు వాడుతున్నా వైరస్ అదుపులో లేనివాళ్లలో, సర్వేలను బట్టి 3.9 నుంచి 8.6 శాతం మందిలో రెసిస్టెన్స్ కనబడిందని. మందు ఎంత గట్టిదైనా రోజూ కడుపులో పడితేనే పనిచేస్తుంది.

అందుకే అసలు రక్షణ నాలుగు పనుల్లో ఉంది. శుభ్రమైన సూది, సిరంజి ఇవ్వడం. మత్తు మాన్పించే బుప్రెనార్ఫిన్ లాంటి చికిత్సను, ఏఆర్‌టీ మాత్రలను వీలైతే ఒకే చోట అందించడం. వైరల్ లోడ్ పరీక్ష వాయిదా వేయకపోవడం. మానేసి తిరిగొచ్చినవాళ్లని కసురుకోకుండా మళ్లీ మొదలుపెట్టించడం.

"సూదులు పంచితే డ్రగ్స్‌ని ప్రోత్సహించినట్టే కదా?" అని అడుగుతారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం దీనికి సూటిగా జవాబిచ్చింది. వైరస్ ముప్పు తగ్గించడానికి నిబంధనల ప్రకారం సాగే ఇలాంటి కార్యక్రమాలు నేరం కాదు. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలో, ఆస్పత్రిలో, అద్దె ఇంట్లో వివక్ష చూపడం మాత్రం చట్టవిరుద్ధం.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఈ ఇబ్బందిలో ఉంటే రెండు నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. హెచ్‌ఐవీ గురించి 1097, మత్తు మానడానికి 14446. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు 2004 నుంచి ఉచితమే. మాత్రలు కొన్ని రోజులు ఆగిపోయినా సరే, దాచుకోకుండా డాక్టర్‌కి చెబితే సరిచేయడానికి దారి ఉంటుంది.

ఈసారి గ్రూపులో అలాంటి కామెంట్ పడితే నా రిప్లై రెడీగా ఉంది. మనం తలుపు వేసిన ప్రతిసారీ లాభపడేది వైరసే బ్రో!