కువైట్ భద్రత: 1990 నేర్పిన పాఠం

కడప, రాయచోటి ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళకు కువైట్ జీతమే ఆధారం. ఆ చిన్న దేశం తన రక్షణ ఎలా చూసుకుంటుందో తెలుసుకోవడం మనకూ అవసరమే.

1961లో స్వతంత్రమైన నాటి నుంచి కువైట్ నమ్ముకున్నది అందరితో స్నేహాన్ని. ఆ ఏడాదే అరబ్ దేశాలకు అభివృద్ధి రుణాలిచ్చే నిధిని నెలకొల్పింది. సోవియట్ యూనియన్‌తోనూ దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఇరాన్-ఇరాక్ యుద్ధకాలంలో ఇరాక్‌కు వెయ్యి కోట్ల డాలర్లకు పైగా అప్పిచ్చింది. 1990 ఆగస్టు 2న ఆ ఇరాకే దండెత్తి వచ్చింది. ఇచ్చిన అప్పు రక్షణ కవచం కాలేదు.

1991 ఫిబ్రవరిలో అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సేనలు కువైట్‌ను విడిపించాయి. అంతకుముందు విదేశీ సైనిక స్థావరాలకు దూరంగా ఉన్న దేశం, అదే సెప్టెంబరులో అమెరికాతో పదేళ్ళ రక్షణ ఒప్పందం చేసుకుంది. తరువాత బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాలతోనూ ఒప్పందాలు కుదుర్చుకుంది. ట్యాంకులు, ఆయుధాలు ముందే కువైట్‌లో నిల్వ ఉంటాయి. ప్రమాదం వస్తే సైనికులు విమానాల్లో దిగితే చాలు. సొంత సైన్యం చిన్నదైన దేశానికి ఇది పనికొచ్చే ఏర్పాటు. కానీ దీనికీ మూల్యం ఉంది. 2003లో ఇరాక్ మీదికి అమెరికా సేనలు కదిలింది ఈ నేల నుంచే. రక్షణ కోసం పిలిచిన బలం మరో యుద్ధానికి దారి అయింది.

ఈ మార్పుల భారం మోసింది సామాన్యులు. కువైట్‌లో దాదాపు నాలుగు లక్షల మంది పాలస్తీనీయులు ఉండేవారు. వారి నాయకత్వం ఇరాక్ పక్షాన నిలిచిందన్న కోపంతో, యుద్ధం తరువాత అత్యధికులకు అక్కడ చోటు లేకుండా పోయింది. లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులు ఇల్లు చేరారు. చాలామంది జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకుని, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో వచ్చారు. ఎన్నో ఏళ్ళ సంపాదన వెనకే ఉండిపోయింది.

అయినా కువైట్ స్నేహనీతిని వదలలేదు. 2017లో ఖతర్‌ను పొరుగు దేశాలు వెలివేసినప్పుడు, రాజీకి ముందుకొచ్చింది కువైట్ అమీర్ షేక్ సబాయే. బలమైన మిత్రుడు, తెగని మాట: రెండూ కావాలన్నదే ఆ దేశం నేర్చుకున్న పాఠం.

గల్ఫ్‌కు పిల్లలను పంపే కుటుంబాలకూ ఇందులో పాఠముంది. ఒప్పందాలు రాసుకునేది ప్రభుత్వాలు. అవి మారిన రోజు పెట్టె సర్దుకోవలసింది కూలివాడు. ఊళ్ళో కొంత పొదుపు, చేతిలో ఒక పని, పిల్లలకు చదువు ఉంటే, ఆ రోజు వచ్చినా ఇల్లు నిలుస్తుంది.