చెట్టు కొట్టినా వేరు చావదు: పిలకలను మందు లేకుండా వదిలించుకునే పద్ధతి



"చెట్టు కొట్టించి ఆరు నెలలైంది, ఒకటి పోయి యాభై మొలిచాయి. ఏం చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఆకాశమల్లె కొట్టించినవాళ్లయితే మరీనూ. చివరికి విసిగిపోయి, ఏళ్లుగా రసాయనం తగలనివ్వని నేలలో కలుపు మందు కొడదామా అనే దాకా వస్తున్నారు. ఆ అవసరం లేదండీ. ఓపిక ఉంటే చాలు. ఎలాగో చెబుతాను.

ముందు మీ చెట్టు ఏ రకమో చూడండి

అన్ని చెట్లూ ఒకే చోటి నుంచి చిగురించవు. జామాయిల్, సుబాబుల్ మోడు దగ్గరే చిగురిస్తాయి. ఆ గుణం వల్లే కాగితం మిల్లులకు కర్ర వేసే రైతులు మళ్లీ నాటకుండా రెండో నరుకుడు, మూడో నరుకుడు తీసుకుంటున్నారు. ఇలాంటి చెట్టుకు మోడు ఒక్కటి చూసుకుంటే చాలు.

సర్కారు తుమ్మకు మొగ్గలు నేలకు కాస్త లోపల, కాండం వేరుగా మారే చోట ఉంటాయి. నేల మట్టానికి నరికితే గుబురుగా లేస్తుంది. చుట్టూ మట్టి తీసి అడుగు లోతున నరికితే సాధారణంగా మళ్లీ రాదు.

ఆకాశమల్లె, మారేడు, కరివేపాకు మూడో రకం. వీటికి వేరు పొడవునా పిలకలు వస్తాయి. వేప కూడా వేరుకు గాయమైతే పిలక వేస్తుంది. అసలు తలనొప్పి వీటితోనే.

వేరుకు తిండి ఆపాలి

చెట్టు పోయినా వేరులో దాచుకున్న తిండి ఉంటుంది. ఆ తిండితోనే పిలక లేస్తుంది. ఆకు ముదిరాక అదే పిలక తిరిగి వేరుకు తిండి పంపుతుంది. అందుకే ఆకు ముదరకముందే, జానెడు లోపే తీసేయాలి. అలా తీసిన ప్రతిసారీ వేరుకు ఖర్చే తప్ప రాబడి ఉండదు.

మా ఇంట్లో గోడ పక్కన రెండు ఆకాశమల్లె చెట్లు ఉండేవి. గాలికి కొమ్మలు విరిగి పడుతున్నాయని కొట్టించాం. వానలు పడగానే ఇరవై అడుగుల అవతల బెండ మడిలో కూడా పిలకలు లేచాయి. ఆ వానాకాలమంతా పది రోజులకోసారి తిరిగి తీశాం. రెండో ఏడాది నెలకు నాలుగైదు కనిపించాయి. మూడో ఏడాదికి ఆగిపోయాయి.

తీసే పద్ధతి ముఖ్యం. కొడవలితో కోస్తే కింద మిగిలిన మొగ్గల నుంచి ఒకటికి మూడు వస్తాయి. గునపంతో మట్టి వదులు చేసి, పిలకను వేరుకు అంటుకున్న చోటి నుంచి ఊడేలా పక్కకు లాగండి. వీడియోలో ఇది దగ్గరగా చూపించాను, ఒకసారి చూడండి. అక్కడ మందంగా ఆచ్ఛాదన వేస్తే పిలకలు ఆగిపోవు గానీ, నేల మెత్తగా ఉండి లాగడం తేలికవుతుంది. మొదటి ఏడాది ఆ చోట ఆకుకూరలు వేసుకోండి. కోతకు, కలుపుకు ఎలాగూ రోజూ వెళ్తాం కాబట్టి పిలక కంటపడకుండా పోదు.

కొట్టకముందే చేసే పని

ఇంకా కొట్టించనివాళ్లకు ఇంకో దారి ఉంది. కాండం చుట్టూ నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పున బెరడు పూర్తిగా, కర్ర కనిపించేదాకా తీయండి. ఆకులు తయారుచేసిన తిండి బెరడు గుండానే వేరుకు దిగుతుంది. ఆ దారి తెగితే వేరు మెల్లగా బక్కచిక్కుతుంది. గాటు కింద వచ్చిన చిగురు మాత్రం ఎప్పటికప్పుడు తుంచాలి. చెట్టు పూర్తిగా ఎండాక కొట్టించండి. ఇల్లు, కరెంటు తీగలు, దారి పక్కనుంటే ఈ పద్ధతి వద్దు. ఎండిన కొమ్మలు విరిగి పడతాయి.

ఇవి చేయకండి

కరివేపాకు పిలక కావాలంటే ఏం చేస్తాం? గునపంతో వేరును కాస్త గాయపరుస్తాం. పిలకలున్న చోట రోటవేటర్ తిప్పితే జరిగేదీ అదే.

ఉప్పు, కిరోసిన్ పోయమని చెప్పేవాళ్లుంటారు. మోడు సంగతి తర్వాత, ముందు వానపాములు పోతాయి. ఉప్పు ఆ మట్టిని చాలాకాలం పట్టి ఉంటుంది.

జీవామృతం పోస్తే మోడు కుళ్లిపోతుందా అని కూడా అడుగుతున్నారు. బతికున్న మోడు కుళ్లదు. పిలకలు ఆగి, వేరు చచ్చాక మోడుకు రంధ్రాలు వేసి, పేడనీళ్లు పోసి, మట్టి కప్పి తడిగా ఉంచితే బూజు తన పని తాను చేసుకుంటుంది. దానికి కూడా కొన్నేళ్లు పడుతుంది. చెదలు వస్తాయి కాబట్టి ఇంటి కలప దగ్గర మాత్రం మోడును తవ్వి తీసేయడమే మేలు.

లాగిన పిలకలను పారేయకండి. వేపవైతే నీమాస్త్రానికి పనికొస్తాయి. సుబాబుల్ చిగుళ్లను మేకలు ఇష్టంగా తింటాయి, అయితే మేతంతా అదే కాకుండా చూసుకోండి. మిగతావి ఎండలో బాగా వడలనిచ్చి ఆచ్ఛాదనకు వేయండి.

మీ చెట్టు పేరు, కొట్టించి ఎన్నాళ్లయిందో, పిలకలు మోడు దగ్గరా దూరంగానా ఎక్కడ వస్తున్నాయో వీడియో కింద రాయండి. దాన్నిబట్టి ఏం చేయాలో చెబుతాను.