పారేసే ముందు ఒకసారి మూత తీసి చూడండి

న్యూజెర్సీలో మన తెలుగువాళ్ల ఇళ్లలో బేస్‌మెంట్‌కు దిగితే తరచూ కనిపించేవి మూడు: బొమ్మల కొలువు అట్టపెట్టెలు, పిల్లలు వదిలేసిన క్రికెట్ కిట్, మూలన దుప్పటి కప్పిన పాత కంప్యూటర్. మొదటి రెండూ ఏడాదికోసారైనా పైకి వస్తాయి. మూడోదాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆన్ అయితే అవుతుంది, లేకపోతే లేదు. అందులో ఏవో ఫొటోలు, ఏవో కాగితాలు ఉన్నాయని గుర్తు కాబట్టి పారేయడానికి మనసొప్పదు. అలాగని బాగు చేయించే తీరికా ఉండదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు 8వ తరం నుంచే అది కుదురుతుంది. దాంతో నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా ఆ మూలకే చేరుతున్నాయి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కావడంతో పండగలకు, పుట్టినరోజులకు కలిసినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "దీన్ని బాగు చేయించడం దండగేనా?"

నేను చెప్పేది ఇదీ. కంప్యూటర్ మొత్తానికి ఒకేసారి ముసలితనం రాదు. అందులో నాలుగైదు భాగాలే అరుగుతాయి, అవీ ఎక్కువగా చౌకవే. అయితే మరమ్మతు ఖర్చు లెక్కలు వేసుకునే ముందు, అందులో మరెక్కడా దొరకనిది ఏమైనా ఉందా అన్నది తేల్చుకోవాలి. పనిని ఎక్కడ మొదలుపెట్టాలో దానిమీదే ఆధారపడి ఉంటుంది.

పాటలు దాచిన పెట్టె

ఈ మాట నాకు బాగా తెలిసొచ్చింది మా ఊళ్లో ఉంటున్న ఒక రిటైర్డ్ మాస్టారి కంప్యూటర్ వల్ల. ఆయనది శ్రీకాకుళం జిల్లా. కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన భార్యకు పెళ్లిపాటలు కొల్లలుగా వచ్చు. తలుపు దగ్గర పాటలు, బంతులాట పాటలు, వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, అప్పగింతలు, వాళ్ల అమ్మమ్మ నుంచి విన్న లాలిపాటలు. ఆవిడ పాడుతుంటే మాస్టారు పక్కన కూర్చుని టైపు చేశారు. ఆ పని నాలుగేళ్లు సాగింది. మొత్తం 118 పాటలు. ఏనాడూ అచ్చు వేయించలేదు. ఆవిడ కాలం చేసి ఆరేళ్లయింది.

కంప్యూటర్ 2004లో కొన్నది, విండోస్ ఎక్స్‌పీ. ఒకరోజు మొదటి నొక్కుకే ఆన్ అవుతుంది, మరో రోజు పది సార్లు నొక్కినా ఉలకదు. ఆన్ అయినా పావుగంటకు దానంతటదే ఆగిపోతుంది. తారీఖు ప్రతిసారీ 2004 జనవరి 1కి వెళ్లిపోతుంది. అప్పుడప్పుడూ నీలం తెర. దగ్గర్లోని ఒక రిపేరు షాపువాళ్లు చూసి, "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అని తిప్పి పంపేశారు.

మాస్టారు నాకు ఫోన్ చేసి, "మావాడు కొత్త లాప్‌టాప్ కొనిపెట్టాడు బాబూ. దీన్ని తీసేద్దామంటున్నాడు. మా ఆవిడ పాటలు అందులోనే ఉన్నాయి. ఒకసారి చూస్తావా?" అన్నారు.

"చూస్తాను మాస్టారూ. నేను వచ్చేదాకా మాత్రం దాన్ని ఆన్ చేయకండి" అన్నాను.

ముందు నకలు, తర్వాతే మరమ్మతు

ఆన్ చేయొద్దన్నది ఎందుకంటే, ముసలి హార్డ్ డిస్క్‌కు ఆన్ అయిన ప్రతిసారీ గండమే. లోపల పళ్లేల్లాంటి బిళ్లలు నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంటాయి. వాటికి తాకీ తాకనంత దగ్గరలో చదివే ముల్లు కదులుతుంటుంది. అరిగిన డిస్క్‌ను పదే పదే తిప్పితే మిగిలింది కూడా పోవచ్చు. అందుకే ముందు డిస్క్‌ను బయటికి తీశాం. అది పాత ఐడీఈ రకం, వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉండేది. దాన్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ ఇప్పటికీ దొరుకుతుంది. దాంతో నా లైనక్స్ లాప్‌టాప్‌కు తగిలించి, 'డీడీ రెస్క్యూ' అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్క్ మొత్తానికి నకలు తీశాం.

మామూలు కాపీకీ దీనికీ తేడా ఉంది. మామూలు కాపీ చదవలేని చోటు తగలగానే అక్కడే తచ్చాడుతుంది, లేదా ఆగిపోతుంది. ఇది మొండికేసిన చోటును గుర్తు పెట్టుకుని పక్కకు జరిగి, ముందు మంచి భాగమంతా తీసేసుకుంటుంది. చివర్లో వెనక్కి వచ్చి మొండి చోట్లను మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మధ్యలో ఆపినా, ఎక్కడిదాకా వచ్చిందో రాసుకున్న చిట్టా ఉంటుంది కాబట్టి అక్కడి నుంచే సాగుతుంది. మాస్టారి డిస్క్‌కు ఒక రాత్రంతా పట్టింది. తెల్లారేసరికి చదవలేక మిగిలినవి కొన్ని కిలోబైట్లే. అవి పాటల ఫైళ్లలో లేవు.

నకలు దొరికినా పాటలు దొరకలేదు

ఫైళ్లు చేతికొచ్చాయి కదా, ఇక ఆ పెట్టెతో పనేముంది అనిపించవచ్చు. ఇక్కడే మన తెలుగుకు సంబంధించిన చిక్కు ఒకటుంది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా ఉండేది. అయినా అచ్చుపని చేసేవాళ్లు ఆ తర్వాత చాలా ఏళ్లు పాత పద్ధతి ఫాంట్లలోనే, పేజ్‌మేకర్‌లోనే పనిచేశారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలు ఉండవు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తలకట్టు ఒక ముక్కగా, కొమ్ము ఒక ముక్కగా, వత్తు ఒక ముక్కగా కూర్చుంటాయి. ఫాంటు ఉంటే అది తెలుగు. లేకపోతే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గంపగుత్త. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు.

మాస్టారు వాడిన తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్‌కు ఇంకో కాపలా కూడా ఉంది. ఆ రోజుల్లో ప్రింటర్ తగిలించే పోర్టుకు ఒక చిన్న తాళం బిళ్ల పెట్టేవారు. అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఆ పోర్టే లేదు. కాబట్టి పాటలు ఆవిడ పాడినట్టుగా, మాస్టారు పేర్చినట్టుగా కనిపించాలంటే ఆ పెట్టె మళ్లీ లేవాల్సిందే.

ఒక్కో రోగానికి ఒక్కో మందు

మూత తీస్తే లోపల ఇరవై ఏళ్ల బేస్‌మెంట్ దుమ్ము. బయటికి నాలుగు రోగాలుగా కనిపించినవాటి వెనుక కారణాలు విడివిడిగా ఉన్నాయి.

తారీఖు వెనక్కి పోవడం బటన్ సెల్ పని. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల ఇది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. మందుల షాపులో కూడా దొరుకుతుంది. కొత్త కంప్యూటర్లలో ఇది పోతే మరో తమాషా జరుగుతుంది. తారీఖు తప్పుగా ఉంటే బ్యాంకు వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. ఇంటర్నెట్ పాడైందనుకుని జనం కంగారు పడతారు.

పావుగంటకు ఆగిపోవడం వేడి వల్ల. ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కలకు, కింది లోహపు పలకలకు దుమ్ము గడ్డకట్టింది. ప్రాసెసర్‌కూ ఆ లోహానికీ మధ్య ఉండే థర్మల్ పేస్టు ఎండి పొడిగా రాలింది. ప్రాణం మీదికి వచ్చేంత వేడెక్కినప్పుడు ప్రాసెసర్ తనను తాను ఆపేసుకుంటుంది. గాలి డబ్బాతో దుమ్ము ఊదాం. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాం.

నీలం తెరకు మొదటి అనుమానం ర్యామ్. కడ్డీలు తీసి, కాంటాక్టులు తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి, 'మెమ్‌టెస్ట్86+' అనే ఉచిత పరీక్షను రాత్రంతా నడిపాం. ఒక కడ్డీలో తప్పులు దొరికాయి. దాన్ని తీసేశాం.

అసలు రోగం కెపాసిటర్లది. ప్రాసెసర్ పక్కన నిలబడి ఉండే చిన్న చిన్న డబ్బాలివి. పైకప్పు చదునుగా ఉండాలి. ఇక్కడ ఐదింటికి పైభాగం పూరీలా ఉబ్బింది. 1999 నుంచి 2007 మధ్య తయారైన ఎన్నో బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు ఇలాగే ఉబ్బి కారిపోయాయి. ఆ కాలపు కంప్యూటర్ ఒకరోజు లేచి మరో రోజు లేవకపోతే ముందుగా చూడాల్సింది వీటినే. ఎలక్ట్రానిక్స్ తెలిసిన మిత్రుడొకరు వాటిని ఊడదీసి కొత్తవి సోల్డర్ చేశారు. కెపాసిటీ అంతే ఉండాలి, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీలు తట్టుకునే రకమై ఉండాలి, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. ఒక్కోటి డాలరు లోపే. "బోర్డు పోయింది" అన్న మాట వెనుక ఉన్నది ఇంతే.

పవర్ సప్లయ్‌ను మాత్రం విప్పలేదు. ప్లగ్ తీసేసినా లోపల ప్రమాదకరమైన కరెంటు నిల్వ ఉంటుంది. అనుభవం లేనివాళ్లు దాన్ని మార్చాలే కానీ తెరవకూడదు. ఇంకో జాగ్రత్త. పాత పవర్ సప్లయ్‌ల వెనుక 115, 230 అని రాసి ఉన్న చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. ఇక్కడి కంప్యూటర్‌ను ఇండియాకు తీసుకెళ్లి ఆ స్విచ్ మార్చకుండా ప్లగ్ పెడితే ఢాం అంటుంది.

చివరగా డిస్క్ నకలును ఒక చిన్న ఎస్ఎస్‌డీలోకి దించి, ఐడీఈకి కలిపే చిన్న బోర్డుతో పెట్టెలో బిగించాం. ఇంటర్నెట్ కేబుల్ పెట్టలేదు. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి. అది ఇంట్లో ఒంటరిగా ఉండాల్సిన కంప్యూటరే.

పాటలు తెలుగయ్యాయి

పెట్టె లేచింది. ముందుగా పాటలన్నిటినీ పీడీఎఫ్‌లుగా తీశాం, పేజీ రూపం చెదరకుండా. తర్వాత పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేశాం. అది చాలావరకు సరిగ్గానే మార్చింది కానీ వత్తుల దగ్గర తడబడింది. ఒక అక్షరం వత్తు పక్క అక్షరం కిందికి పోయేది. అందుకే మాస్టారు ప్రతి పాటనూ పీడీఎఫ్‌తో పక్కపక్కన పెట్టుకుని దిద్దారు. కొన్ని మాటలు నాకు తప్పులుగా తోచి అడిగాను. "అవి తప్పులు కావు బాబూ. మా వైపు అలాగే అంటారు. ఆవిడ అన్నట్టే ఉంచు" అన్నారు.

మీ ఇంటి మూలలో ఉన్నదానికి

అందరి దగ్గరా ఇలాంటి పాత పెట్టె ఉండదు. 2012 నుంచి 2017 దాకా కొన్న లాప్‌టాప్‌లే ఎక్కువ. వాటి నత్తనడకకు పెద్ద కారణం తిరిగే హార్డ్ డిస్క్. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ వేసి, దుమ్ము దులిపి, వీలుంటే ర్యామ్ 8 జీబీకి పెంచితే పిల్లల చదువుకు, వీడియో కాల్‌కు హాయిగా సరిపోతాయి. విండోస్ 11 ఎక్కనివాటిలో లైనక్స్ మింట్ లాంటి ఉచిత సిస్టం వేయవచ్చు. తెలుగు చదవడానికీ రాయడానికీ అందులో ఇబ్బంది లేదు. విండోస్ 10లోనే ఉండాలనుకునేవాళ్లకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం గడువు 2026 అక్టోబర్ 13.

లాప్‌టాప్ అడుగుభాగం ఉబ్బి, టచ్‌ప్యాడ్ పైకి లేచిందంటే మాత్రం అది లిథియం బ్యాటరీ ప్రమాదం. చార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, నొక్కి సరిచేయకండి. నేరుగా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి.

పారేయాలనే తేల్చుకుంటే, న్యూజెర్సీలో 2011 జనవరి 1 నుంచి కంప్యూటర్లను మామూలు చెత్తలో వేయడం నిషేధం. మీ టౌన్ రీసైక్లింగ్ కేంద్రానికి అప్పగించాలి. అప్పగించే ముందు డిస్క్ తీసి ఉంచుకోండి, లేదా పూర్తిగా చెరిపేయండి. తెలుగు ఫైళ్లు ఉంటే వాటితో పాటు ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకోవడం మరవకండి. ఫాంటు లేని పాత తెలుగు ఫైలు తాళంచెవి పోయిన భోషాణమే.

మాస్టారి ఇంట్లో ఇప్పుడు ఆ 118 పాటలు మూడు చోట్ల ఉన్నాయి: కొత్త లాప్‌టాప్‌లో, కొడుకు దగ్గర డ్రైవ్‌లో, శ్రీకాకుళంలో మేనకోడలికి పంపిన పెన్‌డ్రైవ్‌లో. పోయిన నెల వాళ్లింట్లో ఒక పెళ్లి జరిగింది. ఆ మేనకోడలు అప్పగింతల పాటను ఫోన్‌లో చూస్తూ పాడిందని చెప్పారు.