అల పొడవెంత? ఓడ పొడవెంత?

తమిళనాడులోని ధర్మపురి జిల్లా ఏరియూరు నుంచి తూర్పున పుదుచ్చేరి వైపు చూసినా, పడమట కోళిక్కోడు వైపు చూసినా, దారం పట్టి కొలిచినట్టు నేరుగా లెక్కేస్తేనే సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాట. అలాగని ఇక్కడివాళ్ళకు నీళ్ళు కొత్తేమీ కాదు. 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తయ్యాక కావేరి వెనక్కి తన్నుకుని స్టాన్లీ జలాశయంగా పరుచుకుంది. ఆ నీటి ఒడ్డునే నాగమరై రేవు. ఎదుటి గట్టు పన్నవాడి, అది సేలం జిల్లా. ఎండాకాలంలో నీటిమట్టం బాగా పడిపోతే ఆ వైపు మునిగిన గుడి నంది, పాత చర్చి గోపురం తేలి కనిపిస్తాయి. ఎగువన హొగెనక్కల్‌కు వెళ్తే పుట్టి ప్రయాణం ఎలాగూ ఉంది. తమిళులు పరిసల్ అంటారు. బండరాళ్ళ నడుమ దాన్ని గిర్రున తిప్పితే కేరింతలు కొట్టే జనమే, చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు ఫోన్ చేసి “ఓడలో రెండు రోజులు తిరిగొద్దాం, రండి” అంటే మాత్రం “సముద్రమా? మా వల్ల కాదు” అనేస్తారు.

ఈ భయాన్ని నవ్వి కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. కాకపోతే ఇది ఒక్క భయం కాదు, మూడు భయాలు కలిసి పడ్డ ముడి. ఓడ మునిగితే ఎలా అనేది ఒకటి. కడుపులో తిప్పి అందరి ముందూ వాంతి అయితే ఎలా అనేది రెండోది. ఇక నా వల్ల కాదు, దిగిపోతాను అంటే దిగడానికి నేల ఉండదే అనేది మూడోది. మొదటిదానికి జవాబు చట్టంలో ఉంది, మూడోదానికి టికెట్టు ఎంచుకోవడంలో ఉంది. అసలు సైన్సు రెండోదానిలో ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడదాం.

మన చెవి వినడానికే అనుకుంటాం. లోపలి చెవిలో ద్రవం నిండిన అర్ధవృత్తాకార నాళాలు మూడున్నాయి. తల ఎటు తిరిగినా వాటికి తెలుస్తుంది. వాటి పక్కనే రెండు చిన్న తిత్తులు, వాటిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి. పైకి లేస్తున్నామా, కిందకి దిగుతున్నామా, పక్కకు ఒరుగుతున్నామా అని చెప్పేది ఈ తిత్తులే. హొగెనక్కల్ పుట్టి గిరగిరా తిరిగినప్పుడు కదిలేది ముఖ్యంగా నాళాల్లోని ద్రవం. సముద్రంలో ఓడ మెల్లగా లేచి దిగుతుంటే పని పడేది ఈ స్ఫటికాలకు. అందుకే పుట్టిలో తల తిరగనివాడికి ఓడలోనూ ఏమీ కాదని చెప్పలేం. పుట్టిలో కళ్ళు తిరిగినవాడు ఓడకు పనికిరాడనీ చెప్పలేం. రెండూ వేర్వేరు పరీక్షలు.

ఓడ గదిలో మంచం మీద కూర్చుంటే గోడలు, బల్ల, దీపం అన్నీ మనతోపాటే కదులుతాయి. ఏమీ కదలడం లేదని కన్ను చెబుతుంది, కదులుతోందని చెవి చెబుతుంది. మెదడుకు ఈ రెండు సాక్ష్యాలూ పొసగవు. కడుపులో తిప్పడానికి మూలం ఈ తగవేనన్న వాదాన్ని 1975లో రీజన్, బ్రాండ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు పుస్తకంగా వివరించారు. నేటికీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే. మరి తగవు పడితే వాంతెందుకు? విషం తిన్నప్పుడు కూడా కన్ను, చెవి పొంతన తప్పుతాయి కాబట్టి మెదడు దీన్నీ విషం కిందే జమకట్టి కడుపు ఖాళీ చేయిస్తుందని 1977లో ట్రైస్మన్ ఒక ఊహ చెప్పాడు. ఊహ అందమైనదే గాని ఇంకా రుజువు కాలేదు. రుజువైన సంగతి మరొకటుంది. లోపలి చెవి పూర్తిగా దెబ్బతిన్నవారికి ఎంతటి తుఫానులోనూ సముద్రపు వికారం రాదు. అంటే ఇది పిరికితనం కాదు, చెవి సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. 1831 డిసెంబరులో బీగిల్ ఓడ ఎక్కిన చార్లెస్ డార్విన్ అయిదేళ్ళ ప్రయాణం చివరిదాకా ఈ బాధ పడుతూనే ఉన్నాడు.

ఊగుడంతా ఒక్కలాంటిది కాదు. 1970లలో అమెరికాలో మనుషులను ఒక గదిలో కూర్చోబెట్టి, ఆ గదిని యంత్రంతో రకరకాల వేగాల్లో పైకీ కిందకీ ఆడించి చూశారు. అన్నిటికన్నా ఎక్కువ వికారం పుట్టించినది సుమారు అయిదు సెకన్లకు ఒకసారి లేచి దిగే కదలిక. గతుకుల రోడ్డు మీద బస్సు ఇచ్చే కుదుపు అంతకన్నా చాలా వేగం కాబట్టి నడుము పట్టేస్తుంది గాని కడుపును అంతగా కదిలించదు. మరీ నెమ్మదిగా సాగే ఊపుకూ శరీరం సర్దుకుంటుంది. అయిదు సెకన్ల దగ్గరే చిక్కంతా.

దురదృష్టం ఏమిటంటే, గాలి లేపే మామూలు అలలు ఇంచుమించు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ఇక్కడ చిన్న లెక్క చూడాలి. లోతైన నీటిలో ఒక శిఖరం దాటాక ఇంకో శిఖరం రావడానికి పట్టే సెకన్లను ఆ సెకన్లతోనే గుణించి, మళ్ళీ 1.56తో గుణిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. ఆరు సెకన్ల అల పొడవు 56 మీటర్లు. ఎనిమిది సెకన్లదైతే సుమారు 100 మీటర్లు. పది మీటర్ల చేపల పడవ ఈ అలలను ఒక్కొక్కటే ఎక్కి దిగాల్సిందే. రెండు వందల మీటర్ల ఓడ కింద ఆరు సెకన్ల అలలు ఒకేసారి మూడు నాలుగు పడతాయి. ఒకటి ముక్కు దగ్గర లేపుతుంటే ఇంకొకటి మధ్యలో దింపుతుంటుంది. తోపులు ఒకదాన్నొకటి చెరిపేసుకుని ఓడ దాదాపు నిలకడగా సాగిపోతుంది. క్రూయిజ్ ఎంచుకునేవాళ్ళు ఈత కొలను ఎంత పెద్దదని అడుగుతారు. నన్నడిగితే మొదటి ప్రశ్న ఓడ పొడవెంత అన్నదే.

నాగమరై దగ్గర ఎంత గాలి వీచినా పెద్ద అల లేవదు. గాలి పరుగెత్తడానికి అక్కడ కొద్ది కిలోమీటర్ల నీరే ఉంది. అల పెరగాలంటే గాలి బలం, వీచిన సేపు ఉంటే చాలదు, ఎంత దూరం నీటి మీదుగా వచ్చిందన్నదీ కావాలి. సముద్రంలో ఆ దూరం వేల కిలోమీటర్లు. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో లేచిన తుఫాను తాలూకు అలలు రోజుల తరబడి ప్రయాణించి మన తీరాలకు చేరతాయి. కేరళ జాలర్లు దీన్ని కళ్ళక్కడల్ అంటారు. ఎండాకాలంలో గాలి లేకుండానే ఒడ్డు మీదికి నీరు ఎగబాకుతుంది. అటువంటి అల పద్నాలుగు సెకన్లకొకటి వస్తుంది, పొడవు మూడు వందల మీటర్లు. దాని ముందు మన రెండు వందల మీటర్ల ఓడ కూడా చిన్నదే, మొత్తంగా లేచి దిగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఓడ ఎందుకు ఊగుతోందని కంగారు పడేవారికి కారణం ఇది. అయితే ఆ ఊపు నెమ్మది కాబట్టి చాలామంది తట్టుకుంటారు.

ఇదంతా ముందుగా తెలిసే దారి మన హైదరాబాదులోనే ఉంది. 1999లో ఏర్పడ్డ భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, పొట్టిగా ఇన్‌కాయిస్, రోజూ అలల ఎత్తు, వాటి దిక్కు ముందే అంచనా కట్టి జాలర్లకు, ఓడలకు అందిస్తుంది. ఆ సమాచారం ఎవరైనా చూడొచ్చు. అందులో చెప్పే ఎత్తు, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు. కాబట్టి రెండు మీటర్లని ఉంటే అప్పుడప్పుడూ నాలుగు మీటర్లదీ రావచ్చు. 1.25 మీటర్ల లోపుంటే తొలి ప్రయాణానికి దివ్యంగా ఉంటుంది. రెండున్నర దాటితే సముద్రం మీద పట్టు ఉన్నవాళ్ళకు వదిలేయడం మంచిది.

కాలం సంగతి కూడా ఇందులోనే ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు అరేబియా సముద్రం ఉడికిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫానుల వంతు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. జనవరి నుంచి మార్చి దాకా రెండు సముద్రాలూ కాస్త శాంతిస్తాయి. 2022 జూన్‌లో కార్డీలియా ఎంప్రెస్ అనే క్రూయిజ్ ఓడ చెన్నై నుంచి బయల్దేరి విశాఖకు వచ్చినప్పుడు, వానాకాలంలో సముద్రమేమిటని చాలామంది అడిగారు. నైరుతి గాలి తమిళ తీరం దగ్గర నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డుకు దగ్గరలో అల పెరగడానికి దూరం దొరకదు. ఆ నెలల్లో ముంబై వైపు కన్నా చెన్నై వైపు నయం. కాని ఒడ్డు వదిలి లోపలికి, ఉత్తరానికి పోయేకొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది. 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన కార్డీలియా పొడవు 211 మీటర్లు. పైన వేసిన లెక్కకు ఆ పొడవు సరిపోతుంది.

ఇక గది. తక్కెడ ఆడుతున్నప్పుడు పళ్ళేలు పైకీ కిందకీ పోతాయి, నడుమ దండె పట్టుకున్నచోటు కదలదు. ఓడా అంతే. ముక్కు, తోక లేచి పడుతుంటే నడిమి భాగం నిలకడగా ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ పక్కలకు ఊగుడు ఎక్కువ. డబ్బు ఎక్కువ పెడితే దొరికే పై అంతస్తు బాల్కనీ గది, అందులోనూ ఓడ ముక్కున ఉన్నది, భయస్థుడికి అన్నిటికన్నా చెడ్డ గది. ధర తక్కువని కిటికీ లేని గది తీసుకుంటే కదలిక తక్కువే గాని కన్నుకు దిగంతం దొరకదు, కన్నూ చెవుల తగవు తీరదు. కింది అంతస్తులో, నడిమిన, చిన్న కిటికీ ఉన్న గది మేలు. ఓడ పక్కల నుంచి చేపరెక్కల్లా చాచే స్టెబిలైజర్లు పక్కఊపును చాలా మటుకు అణచేస్తాయి. ఓడ వేగంగా సాగుతున్నప్పుడే అవి బాగా పనిచేస్తాయి. పైకీ కిందకీ ఆడే ఊపును అవి ఏమీ చేయలేవు. కరపత్రంలో “ఆధునిక స్టెబిలైజర్లు” అని చూసి మురిసిపోకండి.

మందుల గురించి ఒక మాట. అవోమిన్ లాంటి మాత్రలు వికారం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయవు, ఓడెక్కే ముందే వేసుకోవాలి. నిద్రమత్తు వస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్ళు డాక్టరును అడగకుండా ఇటువంటివి ముట్టుకోకూడదు. అల్లం కొందరికి పనిచేస్తుంది, హాని లేదు. కడుపు ఖాళీగా ఉంచడం, నూనె పదార్థాలతో నింపడం రెండూ తప్పే. చాలామందికి రెండు మూడు రోజుల్లో మెదడు కొత్త లెక్కకు అలవాటు పడుతుంది. తమాషా ఏమిటంటే, రెండు రాత్రుల ప్రయాణంలో సరిగ్గా అలవాటు పడే వేళకు దిగిపోతాం.

మునిగిపోతామన్న భయానికి వద్దాం. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట పడవ మునిగి నలభై మందికి పైగా పోయారు. ఆ వార్త చూసినవారికి నీటి మీద ఏ ప్రయాణమైనా అదే గుర్తొస్తుంది. కాని నది మీద పర్యాటక పడవ వేరు, సముద్రయాన నౌక వేరు. 1912లో టైటానిక్ మునిగాక 1914లో అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. దాని నేటి రూపం ప్రకారం, సముద్రాలు దాటే ప్రయాణికుల ఓడల మీద ఎక్కినవాళ్ళందరికీ సరిపడా ప్రాణరక్షక పడవలు (కొంత మేరకు వాటి బదులు తెప్పలు) ఉండాలి, పైగా పాతిక శాతానికి తెప్పలు అదనం. ఓడ వదలమని ఆజ్ఞ వచ్చాక అరగంటలో ఆ పడవలన్నీ నీటిలోకి దించగలగాలి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు, అపాయం వస్తే ఏం చేయాలో చూపే కసరత్తు ఇంకా చేయించలేదు. అందుకే 2015 జనవరి 1 నుంచి ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే కసరత్తు జరపాలన్న నియమం వచ్చింది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే మీ గుంపుకు చెప్పిన చోటికి చేరాలి. ఆ పది నిమిషాలు సెల్ఫీలు మానుకుని వినండి. అన్నట్టు, లైఫ్ జాకెట్ లేకుండా పుట్టి ఎక్కే మనిషి పెద్ద ఓడకు భయపడితే, భయం ఉండాల్సిన చోట లేదన్నమాట.

మధ్యలో దిగలేనన్న భయానికి మందు చిన్న ప్రయాణం. చెన్నై, విశాఖల నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) వెళ్ళే ప్రయాణికుల ఓడ చవకే గాని, రెండు రోజులకు పైగా నేల కనిపించదు. తొలిసారికి అది వద్దు. రోజుకో రేవు తగిలే రెండు రాత్రుల దారి చాలు. ఆందోళన ఎక్కువైనకొద్దీ వికారమూ పెరుగుతుంది, కాబట్టి అంతకు ముందే కన్యాకుమారిలో వివేకానంద శిలకు ఫెర్రీలో వెళ్ళొస్తే అరగంట లోపే మీ కడుపు సంగతి మీకు తెలుస్తుంది. ఆ చిన్న ఫెర్రీ పెద్ద ఓడ కన్నా ఎక్కువ ఊగుతుంది. దాన్ని తట్టుకుంటే ఓడలో నిశ్చింతగా ఉండొచ్చు. తట్టుకోలేకపోయినా ఓడ వదులుకోనక్కర్లేదు.

ధర్మపురి వైపు నుంచి మొదటిసారి వెళ్ళేవారికి నా సలహా ఇది. జనవరి నుంచి మార్చి లోపు, పడమటి తీరం మీద, రెండు వందల మీటర్లకు తగ్గని ఓడలో, రెండు రాత్రులు. డబ్బు కట్టే ముందు ఓడ పటం తెప్పించుకుని గది నంబరు ఎక్కడుందో వేలుపెట్టి చూడండి. గది నంబరు తర్వాత కేటాయిస్తాం, అందుకే ధర తగ్గించాం అని ఏజెంటు అంటే ఆ టికెట్టు కొనకండి.