చలికాలపు గాలి, హుస్సేన్‌సాగరముపై తెరచాప

కళ్లములో చేట పట్టుకొని గాలికై కాచుకొన్న పెద్దలకు గాలి సంగతి నేను చెప్పబూనుట సాహసమే. అయినను వినుడు. మా గాంధీనగరమునకు పడమటనున్న హుస్సేన్‌సాగరముపై, పలకకు తెరచాప బిగించి, దానిపై నిలువబడి గాలివాలున సాగిపోవు పడుచువారు కలరు. 1984లో ఈ యాట ఒలింపిక్సులో చేరినది. తూర్పెత్తుటకువలెనే దీనికిని ఆ వేళకు, ఆ చోట, తగిన గాలి యుండవలెను.

ఒక పుష్యమాసమున నా మేనల్లుడు వాతావరణ సూచన చూచి, "మామయ్యా, నేడు గంటకు 15 కిలోమీటర్ల తూర్పుగాలి యట" అనెను. పోయిరమ్మంటిని. నాలుగింటికి నీటిలోనికి దిగెను. అయిదున్నరకు గాలి పడిపోయెను. తెరచాప నీటవాలగా, పలకపై బోరగిలబడి, చేతులతో నీరు త్రోయుచు, చీకటిపడిన పిమ్మట గట్టు చేరెను. తడిబట్టలలో వాని పండ్లు టకటక కొట్టుకొనుచుండెను. మా యక్కయ్య నన్నింకను క్షమింపలేదు.

సూచన యబద్ధము కాదు. మేము చూచినది పగటి యంకె. చలికాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడును. దానినంటిన గాలియు చల్లనై, బరువై, కదలక పడియుండును. పైగాలి దాని మీదుగా పోవును. ప్రొద్దెక్కి నేల వేడెక్కిననే పైగాలి క్రిందికి దిగును. ప్రొద్దు వాలగానే మరల తెగిపోవును. ఉదయమే కళ్లమున చేట యెత్తినవారికిది తెలిసినదే.

వేగము సగమైన త్రోపు సగము కాదు, నాలుగవ వంతగును. మరియు ఆ యంకె బయలు ప్రదేశమున, పది మీటర్ల యెత్తున కొలుచు గాలికి చెందిన సగటు. వానకాలపు పడమటిగాలి సాగరము మీదుగా వచ్చి టాంకుబండును తాకును. చలికాలపు తూర్పుగాలియో, మా మేడల నడుమ చీలి బండు దాటును. గట్టు చాటున చప్పబడి, నడుమ హఠాత్తుగా విసరును.

ఇప్పుడు నేను గంటగంటకు వేరుగా చెప్పు సూచననే చూతును. సగటుకును విసురుకును గల తేడా గమనింతును. బంగాళాఖాతమున వాయుగుండ మున్నచో ముందునాటి సూచనను నమ్మను. అది దారి మార్చిన మన గాలియు మారును. పిమ్మట మేడ యెక్కుదును. బ్రిటిషు నావికుడు బోఫర్టు 1805లో గాలికి మెట్లు కట్టెను. చెట్లనుబట్టి పోల్చు గుర్తులు తరువాత చేరినవి. ఆకులు గలగలలాడిన రెండవ మెట్టు, ఎడతెగక కదలిన మూడవది, దుమ్ము లేచిన నాలుగవది. మూడవ మెట్టు లేనిదే వానిని పంపను. పుష్యమాసమున నాలుగింటికి గట్టుపై నుండవలెననుట మా యక్కయ్య పెట్టిన కట్టడి.