పాత ట్రాక్టర్‌కు ‘పంపు పెంచితే’ ఏమవుతుంది? లాగుడు పోటీల వెనుక అసలు లెక్క

టెక్కలి: పంజాబ్‌లో రెండు ట్రాక్టర్లను వెనకా వెనకా కట్టి లాగించే ‘టోచన్’ వీడియోలు ఇప్పుడు మన కుర్రాళ్ల ఫోన్లలో కూడా తిరుగుతున్నాయి. సైలెన్సర్‌లోంచి నల్లటి పొగ, గాల్లోకి లేచే ముందు చక్రాలు, చుట్టూ జనం కేకలు. అది చూశాక ‘మన షెడ్డులో ఉన్న పాత మాసీకి కూడా పంపు పెంచితే ఇలాగే లాగుతుంది కదా’ అనిపించడం సహజమే. కానీ టెక్కలి, పలాస, ఉద్దానం వైపు ట్రాక్టర్ అంటే ఇంటికి అన్నం పెట్టే బండి. వానాకాలం దమ్ము, కోతలయ్యాక ధాన్యం మోత, జీడి, కొబ్బరి లోడు అన్నీ దాని మీదే. అందుకే ఇంజిన్ మీద చెయ్యి వేసే ముందు అది ఎలా పని చేస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

అసలు ఈ పోటీ ఏంటి?

గుంటూరు, ప్రకాశం, రాయలసీమ వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు అందరికీ తెలిసినవే. అక్కడ బండ బరువు మొదటి నుంచి చివరి దాకా ఒకటే. ఇచ్చిన టైములో ఎంత దూరం లాగారన్నదే లెక్క. అమెరికాలో ట్రాక్టర్ లాగుడు పద్ధతి వేరు. అక్కడ 1929లోనే మిస్సోరి, ఒహాయో రాష్ట్రాల్లో ఇలాంటి పోటీలు మొదలయ్యాయని చెబుతారు. 1969లో నేషనల్ ట్రాక్టర్ పుల్లర్స్ అసోసియేషన్ ఏర్పడి అందరికీ ఒకే రకం రూల్స్ పెట్టింది. ట్రాక్టర్ వెనక కట్టే స్లెడ్ మీద బరువుల పెట్టె ఉంటుంది. బండి కదిలే కొద్దీ ఆ పెట్టె ముందుకు జరుగుతుంది, స్లెడ్ ముందు భాగం నేలను గట్టిగా పట్టేస్తుంది. సుమారు 300 అడుగులు లాగితే ‘ఫుల్ పుల్’. పాత ట్రాక్టర్లకు ప్రత్యేక తరగతులు కూడా ఉన్నాయి.

బోరు పెద్దది చేస్తే బలం పెరుగుతుందా?

చాలామంది అనుకున్నంత పెరగదు. మాసీ ఫెర్గూసన్ 35లో వచ్చిన మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజిన్‌నే తీసుకుందాం. బోరు 91.4 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 127 మిల్లీమీటర్లు. మొత్తం సుమారు 2,500 సీసీ. బోరును ఒక మిల్లీమీటరు పెంచితే పెరిగేది 55 సీసీ, అంటే 2.2 శాతం మాత్రమే. అంత ఖర్చు పెట్టి, సిలిండర్ గోడ పలచబరుచుకుని సంపాదించేది ఇంతే.

అందుకే పోటీల వాళ్లు ముఖ్యంగా మూడు పనులు చేస్తారు.

ఒకటి, డీజిల్ పంపు సెట్టింగ్ మార్చి, పెద్ద నాజిళ్లు వేసి ఎక్కువ డీజిల్ పంపడం. అయితే ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.5 కిలోల గాలి కావాలి. గాలి పెంచకుండా డీజిల్ ఒక్కటే పెంచితే సగం మండి నల్లటి పొగగా పోతుంది. వీడియోలో బలంలా కనిపించే ఆ పొగ నిజానికి కాలిపోతున్న డబ్బు. ఆ వేడికి పిస్టన్లు, వాల్వులు కూడా దెబ్బతింటాయి.

రెండు, టర్బో బిగించి గాలి పెంచడం. దీంతో బలం నిజంగానే పెరుగుతుంది. కానీ టర్బో లేకుండా తయారైన పాత ఇంజిన్‌లో హెడ్ గ్యాస్కెట్, బేరింగులు, క్రాంక్ ఆ ఒత్తిడికి సిద్ధంగా ఉండవు.

మూడు, గవర్నర్ మార్చి ఆర్‌పీఎం పెంచడం. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. వేగం 20 శాతం పెరిగితే కనెక్టింగ్ రాడ్ల మీద జడత్వ బలం 44 శాతం పెరుగుతుంది. పాత పోత ఇనుము ఫ్లైవీల్ హద్దు దాటి తిరిగితే పగిలి ముక్కలు బాంబులా ఎగురుతాయి. డ్రైవర్ కాళ్లు ఉండేది సరిగ్గా దాని వెనకే.

తాళం తిప్పినా ఆగని ఇంజిన్

పెట్రోల్ ఇంజిన్‌కు కరెంటు తీసేస్తే ఆగుతుంది. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ఉండదు, డీజిల్ ఆపితేనే ఆగుతుంది. అరిగిన రింగుల్లోంచో, టర్బో సీలులోంచో ఇంజిన్ ఆయిల్ లోపలికి పోతే, ఇంజిన్ ఆ ఆయిల్‌నే తాగి తిరుగుతుంది. స్టాప్ నాబ్ లాగినా లాభం లేదు. గాలి దారి మూస్తేనే ఆగుతుంది. అందుకే విదేశీ పోటీల్లో మార్పులు చేసిన ఇంజిన్లకు గాలిని మూసే స్విచ్, ఫ్లైవీల్ చుట్టూ రక్షణ కవచం, వెనక్కి తిరగబడకుండా ఆపే చిన్న చక్రాలు పెట్టిస్తారు.

వెనక్కి తిరగబడటం కూడా ఆషామాషీ కాదు. బరువు కదలక వెనక చక్రాలు పట్టేస్తే, ఇంజిన్ బలం ట్రాక్టర్ ముందు భాగాన్నే పైకి లేపుతుంది. గొలుసు ఎంత ఎత్తులో కడితే ప్రమాదం అంత ఎక్కువ. సెకను లోపే బండి చెయ్యి దాటిపోతుంది, క్లచ్ తొక్కే టైము దొరకదు. 2023 అక్టోబరులో గుర్‌దాస్‌పూర్ జిల్లాలో ఒక మేళాలో ట్రాక్టర్ స్టంట్ చేస్తూ ఒక యువకుడు చనిపోయాక పంజాబ్ ప్రభుత్వం ట్రాక్టర్ స్టంట్లను నిషేధించింది.

చట్టం, డబ్బు, దీన్

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సెక్షన్ 182ఏ కింద అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిం కాదనడానికి కారణం దొరికినట్టే. లోన్ ఇంకా నడుస్తుంటే నష్టం రెండింతలు. ఇంజిన్ పోయినా కిస్తీ ఆగదు.

విడిభాగాల సంగతీ చూడాలి. పింజోర్‌లోని హెచ్‌ఎంటీ ట్రాక్టర్ విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. అలాంటి బండి క్రాంక్ విరిగితే సెకండ్‌హ్యాండ్ ముక్క కోసం ఊళ్లు తిరగాలి. సరిగ్గా దమ్ము సీజన్లో బండి షెడ్డులో పడుంటే, రిపేరు బిల్లుకు పోయిన కిరాయి రోజుల లెక్క కూడా కలపాలి.

ఇక పందెం. ఊరి కమిటీయో, దాతలో ఇచ్చే బహుమతి వేరు. పోటీదారులే తలా కొంత వేసి, గెలిచినవాడు మొత్తం పట్టుకుపోవడం వేరు. రెండోదాన్ని ఫిఖ్‌లో ఖిమార్, అంటే జూదం కింద లెక్కిస్తారు. ఎంట్రీ ఫీజు కట్టే ముందు ఆ డబ్బు ఎటు పోతుందో కనుక్కోవాలి. అనుమానం ఉంటే దగ్గర్లోని ఆలిమ్‌ను అడగడం మంచిది.

మరి సరదా ఉన్నవాళ్లు ఏం చేయాలి?

పాత ఇంజిన్‌ను కంపెనీ లెక్కకు తిరిగి తేవడమే మొదటి పని. కంప్రెషన్ చూపించడం, నాజిళ్లు టెస్ట్ చేయించడం, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయడం, వాల్వుల గ్యాప్ సరిచేయడం. పోయిందనుకున్న బలంలో చాలా భాగం ఇక్కడే దొరుకుతుంది. లాగుడు అనేది ఇంజిన్ ఒక్కదానితో అయ్యేది కాదు. వెనక చక్రాల మీద బరువు, టైరు పట్టు లేకపోతే ఎన్ని హార్స్‌పవర్లు ఉన్నా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకుని, ముందు వెనక బరువులు సరిచూసుకుని, లోడు ఎప్పుడూ కింద డ్రాబార్‌కే కట్టాలి.

అయినా పోటీయే కావాలంటే ఇంటి బండి జోలికి పోవద్దు. అప్పు లేని, పొలానికీ రోడ్డుకీ వాడని పాత బండి వేరేగా చూసుకోవాలి. దానికి టర్బో కన్నా ముందు గాలిని మూసే స్విచ్ పెట్టించాలి. అది పెట్టనన్న మెకానిక్ చేతికి పంపు ఇవ్వకపోవడమే మేలు.